ప్రాణహిత దాటి వచ్చిన పులులు



2019 జనవరిలో మా మందమర్రి పేరు రాష్ట్రమంతటా పత్రికల్లో వచ్చింది. మామూలుగా మా ఊరు వార్తల్లోకి ఎక్కేది బొగ్గు వల్ల. బాయి లోపల పైకప్పు కూలినా, ఉత్పత్తి లక్ష్యం దాటినా, సంఘం ఎన్నికలొచ్చినా మందమర్రి మాట వినిపిస్తుంది. ఆ నెల మాత్రం మందమర్రిలో ఒక పెద్దపులి చర్మం పట్టుబడింది. ఆ పులి చచ్చింది మనకు దగ్గర్లోనే, జైపూర్ మండలం శివ్వారం అడవిలో. గోదావరి ఒడ్డున మొసళ్ల కోసం అభయారణ్యంగా ప్రకటించిన శివ్వారం అది. అడవి జంతువుల కోసం రాత్రిపూట పరిచిన కరెంటు తీగకు తగిలి పులి అక్కడికక్కడే ప్రాణం విడిచింది.

ఆ పులి మన చుట్టుపక్కల ఎంతకాలం తిరిగిందో, ఎక్కడ నీళ్లు తాగిందో, దానికి జత ఉండెనో లేదో మనలో ఎవరికీ పట్టలేదు. మడత పెట్టిన చర్మంగా పట్టుబడ్డాకనే అది మనకు తెలిసింది. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆకాశవాణిలో ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది కూడా అందుకే.

దేశంలో పేరుమోసిన పులులు ఎన్నో ఉన్నాయి. రాజస్థాన్‌లోని రణథంబోర్ జాతీయ పార్కులో మఛ్లీ అనే ఆడపులి ఉండేది. దాని ముఖం మీద చార చేప ఆకారంలో ఉంటుందని ఆ పేరు పెట్టారు. అది మొసలితో కొట్లాడుతుండగా తీసిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది. 2016 ఆగస్టులో ముసలిదై చనిపోతే పూలు కప్పి దహనం చేశారు. మధ్యప్రదేశ్‌లోని పెంచ్ పార్కులో మెడకు రేడియో కాలర్ ఉన్నందుకు కాలర్‌వాలీ అని పిలిచిన పులి 29 పిల్లల్ని కని, 2022 జనవరిలో కన్నుమూసింది. మనకు దగ్గర్లో, బల్లార్షాకు అవతల, తాడోబా జాతీయ పార్కు ఉంది. 1955లో ఏర్పడిన పార్కు అది. తర్వాత అంధారి అభయారణ్యంతో కలిపి తాడోబా అంధారి పులుల రక్షిత ప్రాంతం చేశారు. అక్కడి మాయ, మట్కాసుర్, వాఘ్‌డోహ్ పేర్లు చెబితే చంద్రాపూర్‌లో ఆటో నడిపేవాళ్లు కూడా గుర్తుపడతారు.

ఇలాంటి పేర్లు సర్కారు కాగితాల్లో పుట్టవు. జిప్సీ నడిపేవాళ్లు, గైడ్లు, బీట్ గార్డులు పెడతారు. రోజూ చూసే జీవికి పేరు పెట్టకుండా మనిషి ఉండలేడు. పేరు పడ్డాక ఆ పులికి ఒక కాపలా ఏర్పడుతుంది. రెండు రోజులు కనిపించకపోతే పొద్దున జిప్సీలో వచ్చినవాళ్లు అడుగుతారు, గార్డు జవాబు చెప్పాలి. పులి బతికి ఉంటేనే గైడుకు కూలి, హోటలుకు గిరాకీ. పార్కులో పేరున్న పులిని మాయం చేయడం వేటగాడికి తేలిక కాదు.

అయితే పార్కు గీత దాటగానే ఆ పేరు పనిచేయదు. దీనికి నాగపూర్ దగ్గర ఉమ్రేడ్ కర్‌హాండ్లా అభయారణ్యంలోని జయ్ కథ చాలు. అంత భారీ మగపులి దేశంలో ఇంకోటి లేదని చెప్పుకునేవాళ్లు. 2016 ఏప్రిల్ తర్వాత దాని కాలర్ నుంచి సంకేతాలు ఆగిపోయాయి. ఊళ్లకు ఊళ్లు గాలించినా ఏమైందో తేలలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో దాని కొడుకు శ్రీనివాస్ చంద్రాపూర్ జిల్లా నాగ్‌భీడ్ దగ్గర ఒక పొలంలో చనిపోయింది. పంటకు కాపలాగా పెట్టిన కరెంటు తీగే దాన్ని చంపింది. భయపడిన రైతు పులిని గొయ్యి తీసి పాతిపెట్టాడు. దాని మెడకు కూడా కాలర్ ఉంది, ఆ పులిని చూడటానికి జనం దూరాల నుంచి వచ్చేవాళ్లు. ఇవేవీ దాన్ని పొలం గట్టు మీద కాపాడలేకపోయాయి.

మన కాగజ్‌నగర్, చెన్నూరు, బెల్లంపల్లి, మందమర్రి ప్రాంతమంతా పార్కు గీతకు బయట ఉన్న నేలే. అందుకే శ్రీనివాస్ కథ మనం మనసులో పెట్టుకోవాలి.

మన ప్రాంతంలో నిజంగా పేరు తెచ్చుకున్న పులి ఒకటి ఉంది, ఫాల్గుణ. 2015 ప్రాంతంలో తాడోబా వైపు నుంచి ఈ ఆడపులి వచ్చి కాగజ్‌నగర్ డివిజన్‌లోని కడంబ అడవిని ఇల్లు చేసుకుంది. ఆ ప్రాంతంలో పులి కాపురం పెట్టి పిల్లల్ని కనడం మా తరం ఎరగని సంగతి. మొదటి ఈతలో పిల్లలు పుట్టినప్పుడు అటవీ శాఖలో పండుగలా ఉండింది. వాటికి కే1, కే2, కే3, కే4 అని అక్షరాలూ అంకెలూ ఇచ్చారు. తర్వాత ఇంకో ఈత కూడా ఈనింది. ఆడపులి మూడున్నర నెలలు మోస్తుంది. పిల్లలు రెండేళ్ల దాకా తల్లి వెంటే ఉండి వేట నేర్చుకుంటాయి, ఆ తర్వాత తల్లి తరిమేస్తుంది. తరిమేసిన పిల్ల కొత్త చోటు వెతుక్కోవాలి. ఫాల్గుణ సంతానం కాగజ్‌నగర్, బెజ్జూరు, పెంచికల్‌పేట, చెన్నూరు అడవుల్లోకి అలాగే పాకింది. ఇవాళ మనం పులుల గురించి మాట్లాడుకుంటున్నామంటే ఆ ఒక్క తల్లి ప్రాణహిత దాటి వచ్చిన ధైర్యం చాలావరకు కారణం.

ఏ పులి ఏదో ఎట్లా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. వాగు ఒడ్డున చెట్టు మొదలుకు మోకాలి ఎత్తులో బెల్టుతో బిగించిన ఆకుపచ్చ పెట్టె ఉంటుంది. దారికి అవతలి వైపు ఎదురుగా ఇంకొకటి ఉంటుంది. ఒంట్లో వేడి ఉన్న జీవి మధ్యలో నుంచి నడవగానే రెండు కెమెరాలూ ఒకేసారి ఫోటో తీస్తాయి. రెండెందుకంటే, పులి కుడి డొక్క మీది చారలు ఎడమ డొక్క మీది చారల్లాగ ఉండవు. ఇంకే పులి చారలతోనూ కలవవు. మన వేలిముద్ర ఎంతో పులికి చార అంత. కెమెరా లేనిచోట కాలి అడుగు చూస్తారు. బేస్ క్యాంపులో ఉండే యానిమల్ ట్రాకర్లు చాలావరకు ఆ అడవిపక్క గూడేల పిల్లలే. ఒక గోండు కుర్రవాడు ఇసుకలో పడిన అడుగు చుట్టూ పుల్లతో గీత గీసి చూపించాడు. "సార్, ఇది ఆడది. మగదాని అడుగు నలుచదరంగ ఉంటది, దీంది జర పొడుగున్నది. గోరు పడలే సూడు, కుక్కదైతే గోరు పడుతది" అన్నాడు. అంత నిదానంగా చూసే కన్ను ఏ కాలేజీలో ఇస్తారు? ఆ కుర్రవాళ్ల జీతాలు నెలల తరబడి ఆగితే మన అడవి కన్ను మూతపడినట్టే. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

కే4 ఫోటో ఒకటి కెమెరాకు చిక్కింది. చెన్నూరు అడవుల్లో తిరుగుతున్న ఆ పులి నడుము చుట్టూ ఉచ్చు తీగ బిగుసుకుని ఉంది. ఉచ్చు చేయడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. మోటారు సైకిలు క్లచ్ వైరు చాలు, ముడి వేసి అడవిపందులు, దుప్పులు నడిచే కాలిబాటలో పెడతారు. మెడ గానీ నడుము గానీ దూరిన జంతువు ఎంత లాగితే ముడి అంత బిగుస్తుంది. పులి బలానికి వైరు తెగింది. తెగిన ఉచ్చు ఒంటి మీదే ఉండిపోయింది. ఒళ్లు పెరుగుతుంటే తీగ లోపలికి దిగుతుంది. మత్తుమందు ఇచ్చి దాన్ని తీయాలని పశువైద్యులు, అటవీ సిబ్బంది నెలల తరబడి తిరిగారు, దొరకలేదు. నడుముకు తీగతో ఆ జీవి ఎన్ని వాగులు దాటి ఉంటుందో, ఎన్ని వేటలు తప్పి ఉంటుందో!

ఈ పులులు ఇక్కడికే ఎందుకొస్తున్నాయో అర్థం కావాలంటే బల్లార్షా అవతలి లెక్క చూడాలి. 2022 గణన ప్రకారం మహారాష్ట్రలో 444 పులులున్నాయి. చంద్రాపూర్ జిల్లా ఒక్కదాంట్లోనే రెండు వందలకు పైగా ఉంటాయని అంచనా. మన తెలంగాణలో 2018లో 26 ఉంటే 2022లో 21కి తగ్గాయి. అందులో ఎక్కువ భాగం నల్లమలలోని అమ్రాబాద్‌వి. తాడోబాలో పులులకు చోటు చాలడం లేదు. వయసొచ్చిన మగపులికి సొంత ఇలాకా కావాలి. అక్కడ ముందే ఇంకో మగపులి ఉంటే కొట్లాడాలి, లేదంటే వెళ్లిపోవాలి. వెళ్లిపోయినవి వార్ధా, పెన్‌గంగ, ప్రాణహిత నదుల వెంట దిగి మన వైపు వస్తాయి. పులి నీళ్లకు భయపడదు, బాగా ఈదుతుంది. వానకాలం పోయి నీళ్లు తగ్గాక ప్రాణహిత దానికి పెద్ద అడ్డంకి కాదు.

దిగి వచ్చిన పులి చేరాల్సింది కవ్వాల్. 1965లో అభయారణ్యం అయిన కవ్వాల్‌ను 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కోర్ ఏరియా సుమారు 893 చదరపు కిలోమీటర్లు, బఫర్ 1,123. జన్నారం అడవి గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు. గడ్డి మైదానాలున్నాయి, దుప్పులున్నాయి, కడెం నీళ్లున్నాయి. 2024లో కోర్‌లోని మైసంపేట, రాంపూర్ గూడేల కుటుంబాలను కొత్త కాలనీకి తరలించారు కూడా. అంతా ఉంది, స్థిరంగా కాపురముండే పులి మాత్రం లేదు. వచ్చినవి నాలుగు రోజులుండి వెళ్తున్నాయి. కాగజ్‌నగర్ నుంచి కవ్వాల్ దాకా వచ్చే దారి మధ్యలో మనమున్నాం. కాజీపేట బల్లార్షా రైలు పట్టాలున్నాయి, రాత్రీ పగలూ బండ్లు ఆగవు. మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా చంద్రాపూర్ పోయే 363వ నంబర్ జాతీయ రహదారి నాలుగు లైన్లయింది. మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ గనులున్నాయి. ఓపెన్‌కాస్టుల మట్టి గుట్టలు ఊళ్ల మీదికి ఒరిగి ఉన్నాయి. మధ్యలో పత్తి చేలు.

ఇన్ని అడ్డాలున్నా పులులు నడుస్తూనే ఉన్నాయి. యవత్మాల్ జిల్లా టిపేశ్వర్ అభయారణ్యంలో పుట్టిన ఒక మగపులికి కాలర్ పెట్టి చూస్తే, 2019లో బయలుదేరి మన ఆదిలాబాద్ సరిహద్దులు కూడా తొక్కి, మహారాష్ట్ర, తెలంగాణ జిల్లాలు ఆరు దాటి బుల్ధానా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. పొలాలు, కాలువలు, రోడ్లు దాటుతూ వేల కిలోమీటర్లు తిరిగింది. 2024 అక్టోబరు, నవంబరు నెలల్లో జానీ అనే మగపులి కిన్వట్ వైపు నుంచి ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల్లోకి వచ్చింది. ఆడపులి కోసం రెండు వందల కిలోమీటర్లకు పైగా నడిచిందని అటవీ అధికారులు చెప్పారు. నాగపూర్ హైదరాబాద్ హైవేను రాత్రిపూట దాటింది. జతకోసం ఒక జీవి ఇంత దూరం నడవడం చూస్తే దాని మీద గౌరవం కలగకుండా ఉంటుందా!

బొగ్గు ప్రాంతంలో పులి ఏం చేస్తుందని అనుకోవద్దు. బొగ్గు తీసేసిన చోట్ల సింగరేణి వాళ్లు మట్టి గుట్టల మీద ఏళ్ల తరబడి మొక్కలు పెంచుతున్నారు. చెట్టు పెరిగినచోట అడవిపంది వస్తుంది, మనుబోతు వస్తుంది, వాటి వెనక పులి వస్తుంది. కాసిపేట, బెల్లంపల్లి వైపు పులి అడుగులు కనిపించాయన్న వార్త చలికాలంలో ఇప్పుడు కొత్త కాదు. బొక్కలగుట్ట పక్కన గాంధారి ఖిల్లా ఉంది. మాఘమాసంలో నాయకపోళ్లు గాంధారి మైసమ్మ జాతర చేసే ఆ గుట్టల నుంచి పడమటికి కవ్వాల్ దాకా అడవి దాదాపు తెగకుండా పోతుంది. చంద్రాపూర్ బొగ్గు ప్రాంతంలోకీ పులి ఇలాగే వచ్చింది. 2022 ఫిబ్రవరిలో అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం ఆవరణలో, డ్యూటీ దిగి ఇంటికి పోతున్న కార్మికుణ్ని పులి చంపింది. ఆ మరునాడే పక్కనున్న దుర్గాపూర్ బొగ్గు గని ప్రాంతంలో ఒక పిల్లవాడు చిరుతకు బలయ్యాడు. ముళ్ల పొదలు కమ్ముకున్న ఖాళీ జాగాల్లో అవి మాటు వేశాయి. మన జైపూర్‌లో సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. పాత బాయిల దగ్గర సర్కారు తుమ్మలు కమ్మేసిన దారులున్నాయి. మూడో షిఫ్టుకు సైకిల్ మోటారు మీద ఒంటరిగా పోయే కార్మికులున్నారు. చెట్లు పెంచడం మంచిపనే. కానీ కార్మికుడు నడిచే దారికి రెండు పక్కలా పొదలు కొట్టించి లైట్లు పెట్టించడం ఇప్పుడే చేయాలి, ఒక ప్రాణం పోయాక చేయడం కాదు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మన పులికి తుపాకీ వల్ల ముప్పు తక్కువ. ఎక్కువ ముప్పు కరెంటు తీగ వల్లే. 2016 చివర్లో కోటపల్లి మండలం పిన్నారం అడవిలో ఒక పులి తీగకు చచ్చింది. 2019లో శివ్వారం. 2025 మే నెలలో పెంచికల్‌పేట రేంజిలో కే8 అనే ఆడపులి. దాని చర్మం, గోళ్లు తీసుకుని మిగిలిన శరీరాన్ని అడవిలోనే పాతిపెట్టారు. అటవీ శాఖ తవ్వి తీసింది. మన అడవి పులులు అలా ఒక్కొక్కటిగా మట్టిలో కలుస్తున్నాయి.

తీగ పెట్టేవాళ్లందరూ పులి కోసం పెట్టరు, ఈ మాట ఒప్పుకోవాలి. అడవిపంది బాధ ఎంతటిదో మక్క వేసిన రైతుకే తెలుసు. ఒక రాత్రి పందుల మంద పడితే మూడు నెలల కష్టం పోయినట్టే. కాసిపేట వైపు ఒక పెద్దాయన నాతో అన్నాడు: "సారూ, రాత్రంత మంచె మీద కూసున్న. గంట సేపు కన్నంటుకుంది. తెల్లారి చూస్తే చేనంత పండబెట్టినయ్. ఎవలకు చెప్పాలె?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. కొందరు పంటను కాపాడుకోవడానికి తీగ పెడతారు, కొందరు పంది మాంసం అమ్ముకోవడానికి పెడతారు. తీగకు మాత్రం ఆ తేడా తెలియదు. జానెడు ఎత్తు గుంజల మీద, గడ్డిలో కలిసిపోయే సన్నటి వైరు, కరెంటు స్తంభం నుంచి కొక్కెం వేసి లాగినది, రాత్రి తొమ్మిదింటికి పెట్టి కోడి కూసేలోపు తీసేస్తారు. ఆ మధ్యలో దానికి ఎవరు తగిలినా అంతే. పంది తగలొచ్చు, పులి తగలొచ్చు, పక్క రైతు ఎద్దు తగలొచ్చు, ఎద్దును వెతుక్కుంటూ వచ్చిన రైతే తగలొచ్చు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం మండలంలో అడవిలోకి కూంబింగ్‌కు పోయిన ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ జంతువుల కోసం పెట్టిన తీగకే చనిపోయాడు. అడవిలో ఎన్నో ప్రమాదాలకు శిక్షణ తీసుకున్న మనిషి అతను. కనిపించని తీగ ముందు ఆ శిక్షణ పనిచేయలేదు.

రైతును నేరస్థుణ్ని చేసి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. వన్యప్రాణి చట్టం ప్రకారం పులిని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. ఆ చట్టం ఉండాల్సిందే. కానీ పంది వల్ల పోయిన పంటకు పరిహారం వ్రాసేవాడు ఆ వారంలోనే చేనుకు రావాలి. సోలార్ కంచె ఉంది, అది ముట్టుకుంటే ఝల్లుమని వదిలేస్తుంది, ప్రాణం తీయదు. దానికి ఇచ్చే సబ్సిడీ అడవి అంచు ఊళ్లకు ముందు అందాలి. ఊరుమీద పడే పందులను తగ్గించడానికి ప్రభుత్వం అనుమతించిన షూటర్లున్నారు, సర్పంచి అడిగితే రావాలి. ఇవి జరిగాక కూడా తీగ లాగితే అప్పుడు చట్టం తన పని తాను చేయొచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. దొంగ కొక్కేనికి జంతువు తగిలినప్పుడు చాలాసార్లు ఆ ఫీడర్ ట్రిప్పవుతుంది. నడిరాత్రి అడవిపక్క లైను ఎందుకు ట్రిప్పయిందో సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటరుకు ముందు తెలుస్తుంది. అదే నిమిషంలో బీట్ ఆఫీసరుకు ఫోన్ చేస్తే దొంగ తీగ ఎక్కడుందో పట్టుకోవచ్చు. రెండు శాఖలు మాట్లాడుకుంటే చాలు, ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇక మనుషుల ప్రాణాల మాట. పులిని ప్రేమించేవాళ్లు ఈ మాట దాటవేయకూడదు, నేను దాటవేయను. 2020 నవంబరులో దహెగాం మండలం దిగిడలో ఒక యువకుణ్ని పులి చంపింది. ఆ నెలాఖరులోనే పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పత్తి ఏరుతున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయిని చంపింది. ఆ పులికి ఏ2 అని పేరు పెట్టి, బోనులు పెట్టి, మత్తుమందు తుపాకులు పట్టుకుని వారాలు వెతికారు, చిక్కలేదు. 2022 నవంబరులో వాంకిడి మండలం ఖానాపూర్‌లో ఒక రైతును పులి చంపింది. 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనులో పెళ్లయిన యువతి పులికి బలైంది, ఆ మరునాడు సిర్పూర్ మండలంలో ఒక రైతుకు గాయాలు.

ఈ నెలలు గమనించండి. అన్నీ నవంబరే. పత్తి పగిలేది అప్పుడే, పిల్ల పులులు తల్లిని వదిలి కొత్త చోటు వెతుక్కుంటూ ప్రాణహిత దాటేదీ ఆ చలికాలంలోనే. పత్తి చేను నడుమెత్తు ఉంటుంది. పత్తి ఏరే ఆడమనిషి వంగి ఉంటుంది. వంగిన మనిషి పులి కంటికి నిలబడ్డ మనిషిలా కనబడదు, నాలుగుకాళ్ల జంతువేదో మేస్తున్నట్టు ఉంటుంది. నిలబడి చప్పుడు చేసే మనిషిని పులి మామూలుగా ముట్టదు, తప్పుకుని పోతుంది. అందుకే అటవీ శాఖ వాళ్లు పత్తి ఏరేవాళ్లు పది పదిహేను మంది కలిసి, పొద్దు బాగా ఎక్కాక పోయి, సాయంత్రం నాలుగు దాటకముందే తిరిగి రావాలని చెబుతున్నారు. 2024 డిసెంబరులో కాగజ్‌నగర్ చుట్టుపక్కల తలకు వెనక పెట్టుకునే ముఖం బొమ్మలు కూడా పంచారు. పులి వెనక నుంచే దూకుతుంది కాబట్టి, వెనక కూడా కళ్లున్నట్టు కనిపిస్తే ఆగుతుందని బెంగాల్ సుందరవనాల్లో చేసిన ప్రయోగం అది. పత్తి ఏరే ఆడవాళ్లు బొమ్మ ముఖాలు కట్టుకుని వరసల్లో కదిలే ఆ ఫోటోలు చూస్తే నాకు గుండె చెరువైంది. రోజుకూలి కోసం పులి ఉన్న చేనులోకి పోవాల్సిన అవసరం వాళ్లది. చనిపోయినవాళ్ల కుటుంబానికి ఇచ్చే పది లక్షల పరిహారం పోయిన మనిషిని తిరిగి తేలేదు. పులి తిరుగుతున్నట్టు తెలిసిన వారం పది రోజులు ఆ ఊళ్లో పత్తి ఏరడం ఆపమని చెప్పేవాళ్లు, ఆ రోజుల కూలి కూడా చెల్లించాలి. చెప్పడం ఒక్కటే సరిపోదు.

పశువు పోయినప్పుడు కూడా ఇదే లెక్క. 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గర దరిగాం అడవిలో రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు మీద విషం చల్లారు, తిన్న పులి చచ్చింది. ఆవును పోగొట్టుకున్న మనిషి కోపం నాకు అర్థమవుతుంది. ఒక పాడి ఆవు పోతే ఆ ఇంట్లో పిల్లల ఫీజు ఆగుతుంది. ఆ కోపం విషం డబ్బా దాకా పోకముందే పరిహారం ఇంటికి చేరాలి. మీలో ఎవరి పశువైనా పులి చంపితే కళేబరాన్ని కదిలించకుండా, ఫోటో తీసుకుని వెంటనే బీట్ ఆఫీసరుకు చెప్పండి. చెప్పినవాళ్లకే పరిహారం వస్తుంది. పులి ఆ పశువు దగ్గరికి సాధారణంగా మళ్లీ వస్తుంది కాబట్టి, కెమెరా పెట్టి అది ఏ పులో తెలుసుకోవచ్చు.

ప్రభుత్వం 2025 మే 30న కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవుల్లో 1,492 చదరపు కిలోమీటర్లకు పైగా నేలను కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో ఇచ్చింది. తాడోబాకూ కవ్వాల్‌కూ మధ్య పులి నడిచే దారి అది. పోడు భూములు పోతాయని, ఊళ్లు ఖాళీ చేయిస్తారని ఆదివాసీలు బంద్ చేస్తే, జులై 21న ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. పులి దారి నిలవాలని కోరుకునే నేను కూడా ఆ నిలిపివేతను తప్పుపట్టను. జల్ జంగల్ జమీన్ కోసం జోడేఘాట్‌లో 1940లో ప్రాణమిచ్చిన మనిషి పేరు పెట్టుకున్న రిజర్వుకు, ముందు ఆ గూడేల గ్రామసభలే అవునని చెప్పాలి. పులి అడుగు ఆడదో మగదో చూడగానే చెప్పిన ఆ గోండు కుర్రవాడి ఊరు, తన భూమి తనదేనన్న నమ్మకంతో ఉంటేనే అడవికి కాపలా ఉంటుంది. అటవీ హక్కుల పట్టాలు ముందు, రిజర్వు గీత తర్వాత. ఈ వరస మారితే పులికీ ఆదివాసీకీ మధ్య మనమే గొడవ పెట్టినవాళ్లమవుతాం.

మందమర్రి, రామకృష్ణాపూర్, కాసిపేట, జైపూర్ వైపు నుంచి ఈ ప్రసంగం వింటున్న మిత్రులను రెండు మాటలు అడుగుతున్నాను. పులి కనిపించిందని వాట్సాప్‌లో వీడియో తిప్పేముందు, ఏ తావులో ఏ సమయానికి కనిపించిందో బీట్ ఆఫీసరుకు ఫోన్ చేయండి. గుంపుగా మోటారు సైకిళ్ల మీద చూడటానికి పోకండి. బెదిరిన పులి ఎటు ఉరుకుతుందో చెప్పలేం. పక్క చేనులో తీగ పెడుతున్నారని తెలిస్తే, పగలే పోయి ఆ అన్నతోనో తమ్ముడితోనో మాట్లాడండి. పంది బాధ తీరే దారి కలిసి అడుగుదామని చెప్పండి. వినకపోతే లైన్‌మన్‌కు చెప్పండి. పత్తి సీజన్ మొదలయ్యేలోపు మన ఊరి గ్రామసభల్లో సోలార్ కంచె, షూటర్లు, పంట పరిహారం మూడింటి మీదా తీర్మానం రాయించి, మంచిర్యాల కలెక్టరేటుకు పంపించాలి. తీర్మానం రాసే చేతులు సాయానికి కావాలంటే నన్ను పిలవండి, తప్పకుండా వస్తాను.